సేవ్ చేసిన ఫైల్ ఏ ‘డాక్యుమెంట్స్’లోకి వెళ్లింది?

వర్డ్‌లో దరఖాస్తు టైప్ చేసి, డాక్యుమెంట్స్ ఎంచుకుని సేవ్ నొక్కుతారు. మర్నాడు డాక్యుమెంట్స్ తెరిస్తే అందులో ఆ ఫైల్ ఉండదు. ఇలా జరిగినప్పుడు చాలామంది తామే ఏదో పొరపాటు చేశామనుకుంటారు. పొరపాటు వాళ్లది కాదు. విండోస్ 10, 11లలో వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఇంటర్నెట్‌లో, అంటే క్లౌడ్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ) ఫోల్డర్ బ్యాకప్ ఆన్ అయితే డాక్యుమెంట్స్ అన్న పేరు కొత్త చోటికి మారిపోతుంది. అంతకుముందు అది సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ పేరు, దాని కింద ఉండేది. ఇప్పుడు మీ పేరు కింద వన్‌డ్రైవ్ ఫోల్డర్, ఆ లోపల డాక్యుమెంట్స్. పాతదీ చాలాసార్లు అక్కడే మిగిలిపోతుంది. పేరు ఒకటే, చోట్లు రెండు. సేవ్ చేసేటప్పుడు తెరుచుకునే చిన్న విండో, అంటే డైలాగ్ మాత్రం పేరు చూపించి ఊరుకుంటుంది. పూర్తి దారి కళ్లకు కనబడకుండా సేవ్ బటన్ నొక్కించడం తప్పని నేను గట్టిగా అంటాను.

అసలు విండోస్ దృష్టిలో డాక్యుమెంట్స్ అనేది గుర్తు మాత్రమే. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ‘పర్సనల్’ అనే పేరుతో ఒక చిరునామా రాసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని అడిగి, అది ఎటు చూపిస్తే అటు వెళ్తుంది. వన్‌డ్రైవ్ మార్చేది ఆ చిరునామానే. అందుకే పాత దారిని నేరుగా కోడ్‌లో రాసుకున్న ఎక్సెల్ మాక్రోలు (పనిని వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) ఫైల్ దొరకలేదంటూ ఆగిపోతాయి, లేదా పాత ఫోల్డర్‌లోనే రాసుకుంటూ పోతాయి. మీ కంప్యూటర్‌లో గుర్తు ఎటు చూపిస్తోందో తెలుసుకోవాలంటే డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ చూడండి. దారి మొత్తం అక్కడ ఉంటుంది.

డైలాగ్ ఏ ఫోల్డర్‌తో తెరుచుకోవాలన్నది ఇంకో చిక్కు. ప్రోగ్రామర్ చెప్పిన డిఫాల్ట్ ఫోల్డర్ సాధారణంగా మొదటిసారికే పనికొస్తుంది. ఆ తర్వాత ఆ సాఫ్ట్‌వేర్‌లో చివరగా వాడిన ఫోల్డర్‌నే విండోస్ గుర్తుపెట్టుకుని తెరుస్తుంది. ఇంట్లో ఒక్కరే వాడే కంప్యూటర్‌లో ఇది సుఖమే. ఒకే లాగిన్‌తో రోజంతా నడిచే నెట్ సెంటర్‌లో మాత్రం, ముందొచ్చినవాళ్ల ఆధార్, పాన్ స్కాన్లు ఉన్న ఫోల్డర్ తర్వాత వచ్చినవాళ్ల ముందు తెరుచుకుంటుంది. అక్కడ పని అవగానే ఫైల్ డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాలి.

ఆఫీస్ 2013 నుంచి మైక్రోసాఫ్ట్ సేవ్‌లో క్లౌడ్‌నే ముందు పెడుతోంది. కొత్త ఫైళ్లు పుట్టగానే క్లౌడ్‌లోకి వెళ్లే పద్ధతిని వర్డ్‌కు 2025లో ప్రకటించింది. కంప్యూటర్‌లోనే ఉంచుకోవాలనుకునేవారు ఫైల్, ఆప్షన్స్, సేవ్ లోకి వెళ్లి ‘సేవ్ టు కంప్యూటర్ బై డిఫాల్ట్’ దగ్గర టిక్ పెట్టాలి. దాని కిందే ఉండే డిఫాల్ట్ లోకల్ ఫైల్ లొకేషన్ గడిలో మీకు కావలసిన ఫోల్డర్ దారి ఇవ్వాలి. ఆ ఒక్కసారికి చాలనుకుంటే ఎఫ్12 నొక్కండి, పాత తరహా సేవ్ యాజ్ డైలాగ్ నేరుగా వస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి. ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌లో ఇదే పని టూల్స్, ఆప్షన్స్, పాత్స్‌లో ‘మై డాక్యుమెంట్స్’ వరుస దగ్గర జరుగుతుంది.

క్లౌడ్ చెడ్డదని కాదు. హార్డ్ డిస్క్ పోయిన రోజున ఆదుకునేది అదే. కానీ ఉచితంగా వచ్చేది 5 జీబీ. అది నిండితే సింక్, అంటే కంప్యూటర్‌లోని మార్పులు క్లౌడ్‌లోకి చేరడం, ఆగిపోతుంది. మేఘం గుర్తున్న ఫైళ్లు నెట్ లేనప్పుడు తెరుచుకోవు. బ్యాకప్ వద్దనుకుని ఫైళ్లను వన్‌డ్రైవ్ ఫోల్డర్ నుంచి బయటికి కట్ చేసి పేస్ట్ చేస్తే అవి క్లౌడ్‌లోనూ, దానికి కలిపిన మిగతా కంప్యూటర్లలోనూ తొలగిపోతాయి. ముందు కాపీ చేసి, తెరిచి చూసుకుని, ఆ తర్వాతే అక్కడివి తీసేయండి.

జిప్ ఫైల్ లోపలి నుంచే వర్డ్ ఫైల్ తెరిచి దిద్దడం ఇంకా ప్రమాదం. అది ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో తెరుచుకుంటుంది. మీ మార్పులు జిప్‌లోకి చేరవు, తాత్కాలిక ఫోల్డర్‌ను శుభ్రం చేసినప్పుడు పోతాయి. ముందు ఎక్స్‌ట్రాక్ట్ చేయాలి, అంటే ఫైల్‌ను జిప్ నుంచి మామూలు ఫోల్డర్‌లోకి తీసుకోవాలి.

తెలుగులో ఫైల్ పేర్లు పెట్టుకునేవారికి ఇంకో లెక్క ఉంది. ఎక్సెల్‌లో ఫోల్డర్ల దారి, ఫైల్ పేరు కలిపి 218 క్యారెక్టర్లు దాటకూడదు. హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ ఆ లెక్కలో 6. ‘దరఖాస్తు’ 8. ఆఫీసు ఖాతా అయితే వన్‌డ్రైవ్ ఫోల్డర్ పేరు పక్కన సంస్థ పేరు కూడా చేరి దారి ముందే పొడుగవుతుంది. ఫోల్డర్ లోపల ఫోల్డర్‌గా ఐదారు మెట్లు దిగి, చివర్లో పొడవాటి తెలుగు పేరు పెడితే నిన్నటిదాకా తెరుచుకున్న షీట్ డాక్యుమెంట్స్ మారిన రోజు నుంచి తెరుచుకోకపోవచ్చు. పేరు కుదించండి, లేదా ఫోల్డర్‌ను రెండు మెట్లు పైకి జరపండి.