ఎలుక కనబడింది, క్రిమి కనబడలేదు

2022 మార్చి నెలాఖరులో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఐసీయూలో చికిత్స పొందుతున్న రోగిని ఎలుకలు కొరికాయన్న వార్త రాష్ట్రమంతటినీ ఉలిక్కిపడేలా చేసింది. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, వార్డులను ఆగమేఘాల మీద శుభ్రం చేయించారు. అంతకు సుమారు ఏడేళ్ల ముందు, 2015 ఆగస్టులో, గుంటూరు సర్వజనాసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు మరణించినప్పుడు కూడా ఇలాంటి హడావుడే జరిగింది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. అయితే ఎలుక కంటికి కనబడుతుంది, కెమెరాకు చిక్కుతుంది, కాబట్టి దానికి బాధ్యులెవరని అడగగలిగాం. అదే ఐసీయూలలో గొట్టాల గుండా రోగి రక్తంలోకీ ఊపిరితిత్తుల్లోకీ దూరిపోయే క్రిముల విషయంలో ఎవరూ బదిలీ కారు, విచారణ సంఘమేదీ కూర్చోదు. మరణ ధ్రువపత్రంలో 'సెప్సిస్' అన్న ఒక్క మాట రాస్తారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని బంధువులకు చెబుతారు. అది ఎక్కణ్నుంచి పాకిందో, లోపలికి వచ్చేటప్పుడు లేనిది నాలుగో రోజుకు ఎలా వచ్చిందో చెప్పేవారుండరు.

ఆసుపత్రిలో చేరిన 48 గంటల తర్వాత బయటపడి, చేరే సమయానికి లేని ఇన్ఫెక్షన్‌ను ఆసుపత్రిలో సోకినదిగా పరిగణించడం సాధారణ కొలమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం, సంపన్న దేశాల్లో ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో ఏడుగురికి, పేద, మధ్యాదాయ దేశాల్లో 15 మందికి చికిత్స కాలంలో కనీసం ఒక ఇన్ఫెక్షన్ సోకుతోంది. అలా సోకినవారిలో సగటున పదిమందికి ఒకరు చనిపోతున్నారు. ఐసీయూ రోగుల్లో ఈ బెడద 30 శాతం దాకా ఉండవచ్చునని కూడా ఆ నివేదిక చెబుతోంది. చేతుల పరిశుభ్రత వంటి చవకైన పద్ధతులను నిక్కచ్చిగా పాటిస్తే వీటిలో 70 శాతం వరకు నివారించవచ్చునన్నది అందులోనే ఉన్న మరో మాట. బెడద అంకె మీద ఎంతో కొంత చర్చ జరిగింది గానీ, ఈ రెండో అంకెను పట్టించుకున్నవారు తక్కువ.

మన దేశం సంగతీ పూర్తిగా చీకట్లో లేదు. ఢిల్లీ ఎయిమ్స్, భారత వైద్య పరిశోధన మండలి, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం కలిసి నడిపిన పర్యవేక్షణలో, 2017-18లో 26 ఆసుపత్రులకు చెందిన 89 ఐసీయూల లెక్కలు సేకరించారు. నవజాత శిశువుల ఐసీయూలలో ప్రతి వెయ్యి లైన్-రోజులకు 20కి పైగా రక్త ఇన్ఫెక్షన్లు తేలాయి. సెంట్రల్ లైను, అంటే పెద్ద సిరలోకి వేసే గొట్టం, ఉన్న ఒక రోగికి ఒక రోజు గడిస్తే అది ఒక లైన్-రోజు. ఇంకా కలవరపెట్టేది, రక్తంలో దొరికిన క్లెబ్సియెల్లా క్రిముల్లో పదింట ఏడింటికి పైగా కార్బపెనెమ్ అనే శక్తిమంతమైన యాంటీబయాటిక్ మందులకు లొంగకపోవడం. అప్పుడిక మిగిలేది కిడ్నీలను దెబ్బతీసే కొలిస్టిన్ లాంటి మందులే. ఇవి కూడా లెక్కలు రాసే క్రమశిక్షణ ఉన్న ఆసుపత్రుల అంకెలన్నది మరవకూడదు. అసలు లెక్కే రాయని జిల్లా కేంద్రపు నర్సింగ్ హోముల మాటేమిటి?

ఐసీయూలోనే ఎందుకు ఇంతగా? మనిషికి ప్రకృతి ఇచ్చిన కాపలాలన్నిటినీ అక్కడ చికిత్స కోసమే దాటవలసి వస్తుంది. చర్మాన్ని దాటి మెడ దగ్గరి పెద్ద సిరలోకి సెంట్రల్ లైను, దగ్గును దాటి గొంతులోకి వెంటిలేటర్ గొట్టం, మూత్రాశయంలోకి ఫోలీ పైపు వెళతాయి. ఇవి ప్రాణం నిలబెడతాయి, అవే క్రిములకు దారులూ అవుతాయి. అందుకే ఏ గొట్టాన్ని ఎంత శుభ్రంగా వేశారన్నది ఎంత ముఖ్యమో, అవసరం తీరిన రోజునే తీశారా లేదా అన్నదీ అంతే ముఖ్యం. మూత్రం కొలవడానికి వేసిన పైపు, రోగి తేరుకుని కూర్చున్నాక కూడా ఎవరూ తీయమని రాయలేదు కాబట్టి అలాగే ఉండిపోవడం మన వార్డుల్లో నిత్యం కనబడే దృశ్యం. రోగిని స్కానింగ్‌కు తీసుకెళ్లేటప్పుడు ఆ పైపు నుంచి మూత్రం చేరే సంచిని మంచం మీదే రోగి కాళ్ల మధ్య పెడతారు. అందులోని మూత్రం తిరిగి పైకి మళ్లడానికి ఆ పది నిమిషాలు చాలు.

తెల్లవారుజామున నాలుగు గంటల వేళ ఏదైనా ఐసీయూలో కాసేపు నిలబడి చూస్తే మిగతాది అర్థమవుతుంది. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక నర్సు చొప్పున ఉండాలన్నది కొలమానం కాగా, ఒక్క నర్సు ముగ్గురిని చూస్తుంటుంది. ఒకరికి గొంతులోని కఫం తీస్తుండగా పక్క మంచం మానిటర్ మోగుతుంది. ఆల్కహాల్ ద్రావణంతో చేతులు శుభ్రంగా రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు కావాలి. మోగుతున్న ఆ మోత ఆమెకు ఆ వ్యవధి ఇవ్వదు. తొడుక్కున్న గ్లవ్స్‌తోనే వెళ్లి రెండో రోగి లైను మూత తిప్పుతుంది. మంచం కాళ్ల దగ్గర ద్రావణం సీసా ఉంటుంది, దాని పంపు నొక్కితే గాలి వస్తుంది. ఇక్కడ ఆ నర్సును నిందించి చేతులు దులుపుకోవడం తేలిక. రోస్టర్ రాసినవారినీ, ఖాళీలు భర్తీ చేయనివారినీ, సీసా నింపే బాధ్యతను ఏ ఒక్కరికీ అప్పగించనివారినీ ఆ వేళ ఎవరూ చూడరు.

ఇంతలో మన ఆసుపత్రుల్లో శుభ్రత ఆచారంగా మారిపోయింది. గుమ్మం బయట చెప్పులు విడిచి రమ్మని బంధువులను గద్దిస్తారు. గుడిలోకి వెళ్లినట్టు అందరూ విడుస్తారు కూడా. చెప్పుల వల్ల ఐసీయూ ఇన్ఫెక్షన్లు పెరుగుతాయనడానికి చెప్పుకోదగిన ఆధారం లేదు. క్రిములను మంచం నుంచి మంచానికి మోసేవి ప్రధానంగా చేతులు. అయినా లోపలికి వచ్చే వైద్యుణ్ని చేతులు శుభ్రం చేసుకున్నారా అని అడిగే ఆచారం మాత్రం ఇంకా పుట్టలేదు. ప్రసూతి వార్డులో క్లోరిన్ నీటితో చేతులు కడిగిస్తే మరణాలు పడిపోతాయని వైద్యుడు సెమ్మెల్‌వైస్ 1847లోనే వియన్నాలో నిరూపించాడు. అప్పటి పెద్ద వైద్యులు దాన్ని అవమానంగా తీసుకున్నారు. ఆ నొచ్చుకోవడం ఇప్పటికీ పోలేదు.

ఈ చిక్కుముడిని విప్పిన అనుభవం ఒకటి ఉంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు, ప్రొనొవోస్ట్ అనే వైద్యుడి నాయకత్వంలో, సెంట్రల్ లైను వేసేటప్పుడు ఐదంటే ఐదు పనులు తప్పకుండా చేయాలని నిర్ణయించుకున్నాయి. చేతులు కడుక్కోవడం, రోగిని శుద్ధమైన దుప్పటితో పూర్తిగా కప్పి, గౌను, మాస్కు, గ్లవ్స్ ధరించడం, చర్మాన్ని క్రిమిసంహారకమైన క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, వీలైనంతవరకు తొడ సిరను వాడకపోవడం, అక్కరలేని లైనును తీసేయడం. ఇందులో కొత్త మందు లేదు, ఖరీదైన యంత్రమూ లేదు. వెయ్యి లైన్-రోజులకు సగటున 7.7గా ఉన్న రక్త ఇన్ఫెక్షన్లు 18 నెలల్లో 1.4కు దిగాయని 2006లో ప్రచురితమైన ఆ అధ్యయనం చూపింది. ఈ ఐదు పనుల జాబితాను మన ఆసుపత్రులు చాలానే గోడలకు అంటించుకున్నాయి. అంటించుకోనిది ఇంకొకటి ఉంది. ఏదైనా మెట్టు తప్పితే వైద్యుణ్ని అక్కడికక్కడ ఆపే అధికారం మిషిగన్‌లో నర్సుకు ఇచ్చారు, ఆమె వెనుక యాజమాన్యం నిలబడింది. 'సార్, గౌను వేసుకోలేదు' అని ఒక కాంట్రాక్టు స్టాఫ్ నర్సు ప్రొఫెసర్‌తో అనగలిగే పరిస్థితి మన బోధనాసుపత్రుల్లో ఎన్నింట ఉంది? అన్న మర్నాడు ఆమె డ్యూటీ ఏ వార్డుకు మారుతుంది?

లెక్కల విషయంలోనూ ఇలాంటి భయమే పనిచేస్తోంది. 'మా ఐసీయూలో ఇన్ఫెక్షన్లు సున్నా' అని చెప్పే ఆసుపత్రిని మెచ్చుకునే ముందు, అది నెలకు ఎన్ని బ్లడ్ కల్చర్లు, అంటే రక్తంలో క్రిములను పెంచి గుర్తించే పరీక్షలు, పంపుతోందో అడగాలి. కల్చర్ పంపకుండా యాంటీబయాటిక్ మార్చుకుంటూ పోయే చోట ఎప్పుడూ సున్నాయే వస్తుంది. నిజాయతీగా వెతికి రాసే ఆసుపత్రికి పెద్ద అంకె, దానితోపాటు చెడ్డపేరు వస్తాయి. 2010లో, క్రిములు కార్బపెనెమ్ మందులకు లొంగకుండా చేసే, న్యూఢిల్లీ పేరు పెట్టిన ఎన్డీఎం-1 ఎంజైమ్ మీద పరిశోధన వెలువడినప్పుడు దేశం స్పందించిన తీరు గుర్తుచేసుకోవాలి. దానికి ఆ పేరు ఎలా పెడతారన్న పౌరుషం ముందుకొచ్చింది, ఆ క్రిములు మన ఆసుపత్రుల్లో ఎంతగా పాతుకున్నాయన్న ప్రశ్న వెనక్కిపోయింది. అంకెను పరువుతో ముడిపెట్టినంత కాలం ఎవరూ అసలు అంకె చెప్పరు.

ఇంగ్లండ్ 2001లోనే, మందులకు లొంగని ఎంఆర్ఎస్ఏ అనే క్రిమి వల్ల వచ్చే రక్త ఇన్ఫెక్షన్లను నివేదించడం ఆసుపత్రులకు తప్పనిసరి చేసి, తర్వాత వాటిని సగానికి తగ్గించాలని గడువు పెట్టి సాధించింది. అమెరికాలో ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వం నడిపే మెడికేర్ బీమా పథకం 2008 అక్టోబరు నుంచి, ఆసుపత్రిలోనే సోకిన కొన్ని క్యాథెటర్ ఇన్ఫెక్షన్లకు అదనపు చెల్లింపు ఆపేసింది. మనకు కేంద్ర ఆరోగ్య శాఖ 2020లో విడుదల చేసిన జాతీయ మార్గదర్శకాలు ఉన్నాయి, 2015 నుంచి ఆసుపత్రుల పరిశుభ్రతకు ఇచ్చే కాయకల్ప అవార్డులున్నాయి. రోగి కుటుంబం చదువుకోగలిగే ఒక్క అంకె మాత్రం లేదు. ప్రైవేటు ఐసీయూలో ఇన్ఫెక్షన్ వల్ల పెరిగిన ప్రతి రోజూ బిల్లులో చేరుతుంది. ఆస్తులు తాకట్టు పెట్టి ఆ బిల్లు కట్టే కుటుంబానికి, అందులో ఎంత భాగం తమవాడి జబ్బుకో, ఎంత భాగం ఆసుపత్రి ఇచ్చిన జబ్బుకో తెలిసే మార్గం లేదు.

చెల్లింపుల్లో కోత గురించి ఇప్పుడే తొందరపడటం సరికాదని మా అభిప్రాయం. లెక్కలు కుదురుకోకముందే జరిమానా పెడితే అంకెలు దాచడం మరింత పెరుగుతుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ ముందుగా చేయవలసింది, ఆరోగ్యశ్రీ వంటి పథకాల కింద డబ్బు తీసుకునే ప్రతి ఐసీయూ లైన్-రోజులు, వెంటిలేటర్-రోజులు, కల్చర్లు, ఇన్ఫెక్షన్లను ఒకే పద్ధతిలో నమోదు చేయాలని షరతు పెట్టడం. తొలి రెండేళ్లు ఆ వివరాలు ప్రభుత్వం వద్దే ఉన్నా నష్టం లేదు. అయితే అన్ని జిల్లా ఆసుపత్రుల్లో రాత్రివేళ కూడా పనిచేసే, క్రిములను పరీక్షించే మైక్రోబయాలజీ ల్యాబు, 250 పడకలకు కనీసం ఒకరు చొప్పున ఇతర పనులు అంటగట్టని ఇన్ఫెక్షన్ నియంత్రణ నర్సు లేకుండా ఆ నమోదు కాగితాలకే పరిమితమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసంగా చెప్పిన సంఖ్య అది. ఐసీయూ నర్సు పోస్టుల భర్తీ, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు కూడా ఈ పద్దు కిందికే వస్తాయి, వాటిని వేరే ఫైలుగా చూడటమే ఇన్నాళ్లూ జరిగిన పొరపాటు.

మూడో ఏడు నుంచి లెక్కలు బయటపెట్టాలి. అందుకు కొత్త పోర్టల్ అక్కర్లేదు. బంధువులను లోపలికి ఎప్పుడు అనుమతిస్తారో తెలిపే బోర్డు ప్రతి ఐసీయూ గుమ్మం పక్కన ఇప్పటికే ఉంది. గత నెలలో ఎన్ని లైన్-రోజులు, ఎన్ని కల్చర్లు పంపాం, ఎందరికి ఇక్కడే ఇన్ఫెక్షన్ సోకింది అన్న మూడు అంకెలు రాయడానికి ఆ బోర్డు అడుగున చోటు సరిపోతుంది.