బిల్ కలెక్టర్ బదిలీ గురించి ఎవరూ మాట్లాడరేం?

మార్చి వచ్చిందంటే మన మునిసిపాలిటీల్లో ఏటా ఒకటే తంతు. ఒకవైపు ఆస్తి పన్ను మొండి బకాయిదారులకు హెచ్చరికలు, మరోవైపు పాత బాకీ ఒకేసారి కడితే వడ్డీలో 90 శాతం మాఫీ అంటూ హైదరాబాద్‌లో పలుమార్లు చూసిన పథకాలు. గడువులోగా కట్టినవాడే వెర్రివాడయ్యే ఈ వ్యవహారంపై ఎంత చర్చ జరిగినా చివరికి తేల్చేది ఒక్కటే: మన జనానికి పన్ను కట్టే బుద్ధి లేదని. ఈ తీర్పు నాకెప్పుడూ సగం నిజంగానే తోచింది. ఎందుకంటే కట్టేవాడికీ ఖజానాకీ మధ్య రిజిస్టరు పట్టుకున్న మనిషి ఒకడున్నాడు, బిల్ కలెక్టర్. మా ఇంటిపై అంతస్తు వేసినప్పుడు కొలతలకు వచ్చినాయన టేపు తీయకముందే "ఎంత రాయమంటారు సార్?" అని అడిగాడు. ఏ ఊరో ఎందుకులెండి.

ఆ మనిషినే పరిశోధనాంశంగా తీసుకున్నవారు ఆర్థికవేత్తలు అద్నాన్ ఖాన్, అసిం ఖ్వాజా, బెంజమిన్ ఓల్కెన్. పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో అప్పట్లో పట్టణ ఆస్తి పన్నును సర్కిల్‌కు, అంటే ఒక్కో వసూలు ప్రాంతానికి, ముగ్గురు చొప్పున ఇన్‌స్పెక్టర్, క్లర్కు, కానిస్టేబుల్ వసూలు చేసేవారు. అద్దెకిచ్చిన ఇంటిని సొంత నివాసమని రాస్తే చాలు, పన్ను బాగా తగ్గిపోయేది. లంచానికి తలుపు తెరుచుకున్నది అక్కడే. లాటరీ పద్ధతిలో ఎంపికైన సర్కిళ్లలో, నిర్ణీత మొత్తానికి మించి వచ్చిన రాబడిలో సగటున 30 శాతం సిబ్బందికే ఇచ్చి రెండేళ్లు చూశారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం వసూళ్ల వృద్ధి రేటు మిగతా సర్కిళ్లకంటే 46 శాతం ఎక్కువ. ఇంతవరకే చదివి చప్పట్లు కొట్టేవారు చాలామంది ఉన్నారు. కానీ ఆ అదనపు రాబడి ప్రధానంగా కొత్తగా లెక్కగట్టిన కొద్దిపాటి ఆస్తుల నుంచే వచ్చింది. మిగిలిన చాలామంది కట్టే పన్ను మారలేదు, ఇచ్చుకునే లంచం మాత్రం పెరిగింది. నిజం రాస్తే తనకు వాటా వస్తుందని తెలిసిన ఉద్యోగి అబద్ధం రాయడానికి ఎక్కువ అడుగుతాడు, అంతే.

రేటు సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలోని కనంగా నగరంలో 2018లో ఇంటి యజమానులకు లాటరీ పద్ధతిలో వేర్వేరు రేట్లు వేసి చూస్తే, అత్యధిక రాబడినిచ్చే రేటు అప్పటి రేటులో దాదాపు మూడింట రెండు వంతుల దగ్గర తేలింది. జనానికి బుద్ధి లేదనే ముందు ఆ రేటు వాళ్లు మోయగలిగిందో కాదో చూడాలి కదా.

అయితే నాకు అన్నిటికంటే నచ్చింది, మొదట చెప్పిన ముగ్గురు ఆర్థికవేత్తలే పాకిస్తాన్ పంజాబ్‌లోనే 500 మందికి పైగా ఇన్‌స్పెక్టర్లతో చేసిన రెండో ప్రయోగం. ఈసారి డబ్బు ఇవ్వలేదు. బాగా వసూలు చేసినవారు, మన పిల్లలు ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకున్నట్లే, వరుసలో ముందుగా తమకు కావలసిన సర్కిల్ ఎంచుకోవచ్చన్నారు. ఆ ఒక్క ఏర్పాటుతో వసూళ్ల వృద్ధి 30 శాతానికి పైగా హెచ్చింది. మన దగ్గర సీటుకీ ఇంజినీరింగ్ బ్రాంచికీ ర్యాంకు చూస్తాం, బిల్ కలెక్టర్ ఏ వార్డుకు వెళ్లాలనే దగ్గరికి వచ్చేసరికి మాత్రం సిఫారసు లేఖలు తిరుగుతాయి. ఈ పద్ధతిని మరీ తరచుగా వాడితే పని దెబ్బతింటుందని కూడా ఆ పరిశోధనే చూపింది కాబట్టి, ఏటా బదిలీల జాతర పెట్టమని నేను అడగడం లేదు. మూడు నాలుగేళ్లకోసారి, ఆ ర్యాంకుల జాబితాను కార్యాలయం గోడకు అంటించి చేయమంటున్నాను.