జంపింగ్ మీద ఒక్కరే

జాతరకు వెళ్లిన పిల్లలు ఇప్పుడు జెయింట్ వీల్ కంటే ముందు ‘జంపింగ్’ అడుగుతున్నారు. బరంపురం ఠాకురాణి యాత్రయినా, రాయగడ మజ్జిగౌరమ్మ చైత్ర పండుగైనా, పర్లాకిమిడి రథయాత్రయినా మైదానంలో ఓ మూల అది ఉండి తీరుతుంది. గుండ్రటి ఇనుప చట్రం, దానికి స్ప్రింగులతో బిగించిన నల్లటి మ్యాట్, చుట్టూ వల. లోపల ఐదారుగురు పిల్లలు ఒకేసారి ఎగురుతుంటారు. టికెట్ డబ్బులు తీసుకున్న కుర్రాడు ఫోన్‌లో టైమ్ చూస్తుంటాడు. అమ్మానాన్నలు వల పట్టుకుని వీడియో తీస్తుంటారు. దీని అసలు పేరు ట్రాంపోలిన్ అని తెలియకపోయినా ఎవరికీ లోటు లేదు. జంపింగ్ అంటే చాలు, అందరికీ తెలుస్తుంది.

ఇదే వస్తువు ఇళ్లకూ వస్తోంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే గొట్టాలు, స్ప్రింగులు విడివిడిగా పెట్టెలో వచ్చేస్తాయి. పెరడున్నవాళ్లు పెరట్లో వేస్తారు, లేనివాళ్లు డాబా మీద వేస్తారు. అమెరికాలో కొడుకు ఇంటికి వెళ్లి, అక్కడ వీధిలో సగం పెరళ్లలో ట్రాంపోలిన్లు చూసి వచ్చిన తాతగారికి ఇక్కడున్న మనవరాలికీ ఒకటి కొనాలనిపించడం సహజమే. ఫోన్ వదలని పిల్ల కాసేపైనా ఒళ్లు వంచి ఆడుతుందన్న ఆశ. ఆ ఆశను మేము తప్పుపట్టడం లేదు. అయితే ఇది పిల్లలకు క్షేమమేనా అని అడిగితే మాత్రం మా జవాబు సూటిగానే ఉంటుంది. ఇంటికి కొనొద్దు. జాతరలో అయితే ఆరేళ్లు దాటిన పిల్లల్నే ఎక్కించండి, అదీ ఒక్కొక్కరిగా.

ఒక్కొక్కరిగా అని ఎందుకు అంటున్నామో కాస్త వివరంగా చెప్పాలి. జాతరల్లో ఎవరూ పాటించని నియమం ఇదే, అసలు ప్రమాదం ఉన్నదీ ఇక్కడే.

మన ఊళ్లలో పెరిగిన పెద్దలు వెంటనే అనే మాట ఒకటుంది. “మేం చెట్లెక్కలేదా? వంశధార గట్టు మీంచి దూకలేదా? గడ్డివాముల మీద గంతులెయ్యలేదా? ఏమైంది మాకు?” నిజమే, దూకారు. కానీ గడ్డివాముకూ జంపింగ్ మ్యాట్‌కూ పోలిక లేదు. గడ్డివాము మీద పడితే ఆ దెబ్బను గడ్డే మింగేస్తుంది, మళ్లీ పైకి విసరదు. మ్యాట్ మాత్రం పడిన బలాన్ని స్ప్రింగుల్లో దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. ఎవరు పడ్డారో వాళ్లకే తిరిగి ఇవ్వాలన్న నియమమేమీ దానికి లేదు. ఆ క్షణంలో మ్యాట్ మీద ఎవరుంటే వాళ్లకు ఇస్తుంది. అరవై కిలోల బాబాయ్ గెంతి దిగిన మరుక్షణం పదిహేను కిలోల పిల్ల కిందికి వస్తుంటే, పైకి లేస్తున్న మ్యాట్ ఆ పిల్ల కాళ్లకు ఎదురొచ్చి గుద్దుతుంది. చూసేవాళ్లకు మెత్తటి గుడ్డ మీద దిగినట్టే ఉంటుంది. కాలి ఎముకకు మాత్రం ఎత్తు నుంచి సిమెంటు నేల మీద పడ్డట్టు ఉంటుంది. లేదంటే, తను ఎప్పుడూ ఎగరనంత ఎత్తుకు ఆ పిల్ల ఒక్కసారిగా లేచిపోతుంది. ఏట్లో దూకే పిల్లవాడు ఏ రాయి మీంచి దూకాలో తనే చూసుకుంటాడు, భయమేస్తే దిగిపోతాడు. ఇక్కడ ఎంత ఎత్తు ఎగరాలో పక్కవాడి బరువు నిర్ణయిస్తుంది.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం, అంటే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2012లో దీనిమీద ఒక విధాన ప్రకటన చేసింది. వాళ్లు పరిశీలించిన లెక్కల్లో ట్రాంపోలిన్ దెబ్బల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఒకరి కంటే ఎక్కువ మంది ఎక్కినప్పుడు తగిలినవే. పెద్దా చిన్నా కలిసి గెంతితే, పెద్దవాడితో పోలిస్తే చిన్నవాడికి దెబ్బ తగిలే అవకాశం 14 రెట్ల దాకా ఎక్కువ. ఆసుపత్రికి వచ్చిన ఐదేళ్ల లోపు పిల్లల్లో సుమారు సగం మందికి ఎముక విరగడమో కీలు తప్పడమో జరిగింది. ఆరు నుంచి పదిహేడేళ్ల వాళ్లలో అది 29 శాతం. ఇళ్లలో ఆట కోసం దీన్ని వాడొద్దని ఆ సంఘం గట్టిగానే చెప్పింది. స్కూళ్లలో వ్యాయామ తరగతుల నుంచి దీన్ని తీసేయాలని 1977లోనే చెప్పిన సంఘం అది. అయినా ఆ దేశంలో పెరట్లు ఖాళీ కాలేదు. 2009 ఒక్క ఏడాదిలోనే అక్కడ సుమారు 98,000 మంది ఈ దెబ్బలతో వైద్యం చేయించుకున్నారని అంచనా. కొడుకు ఇంట్లో చూసొచ్చిన తాతగారు అక్కడి పెరళ్లను చూశారు, అక్కడి ఎమర్జెన్సీ వార్డులను చూడలేదు.

“మేం పక్కనే ఉండి చూస్తున్నాం కదా” అనేది రెండో మాట. అవే లెక్కల ప్రకారం మూడో వంతు నుంచి సగం దాకా దెబ్బలు పెద్దవాళ్లు చూస్తుండగానే తగిలాయి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇద్దరు పిల్లల తలలు గాల్లో ఢీకొనడానికి పట్టే సమయంలో వల బయటున్న అమ్మ నోరు తెరవగలదేమో, చెయ్యి చాచలేదు. పక్కన ఉండటం వేరు, రెండో పిల్లను ఎక్కనివ్వకుండా ఆపడం వేరు. ఇంకో విచిత్రం, చాలా చోట్ల రెండో మనిషి ఆ చూస్తున్న పెద్దమనిషే. పాప భయపడుతోందని నాన్న కూడా ఎక్కుతాడు. ప్రేమతో చేసే పనే. కానీ జంపింగ్ మీద ఇంతకంటే ప్రమాదకరమైన జోడీ లేదు.

వల మీద కూడా అతినమ్మకం పనికిరాదు. బయటికి ఎగిరి పడటం వల్ల తగిలే దెబ్బలు మొత్తంలో 27 నుంచి 39 శాతం. మంచి వల ఉంటే వాటిలో కొన్ని తప్పుతాయి. మిగతావన్నీ మ్యాట్ మీదే తగిలేవి, ఒకరినొకరు ఢీకొని తగిలేవి, స్ప్రింగుల మధ్య కాలు ఇరుక్కుని తగిలేవి. వల వాటిని ఎలా ఆపుతుంది? పైగా జాతర వల ఎలాంటిది? వారానికో ఊరు చొప్పున లారీలో ఎక్కించి దించిన వల. ఎండకు పెళుసెక్కి, చిరిగిన చోట కొబ్బరి తాడుతో ముడేసిన వల. స్ప్రింగుల మీద కప్పాల్సిన స్పాంజ్ సగం ఊడిపోయి ఉంటుంది. గోపాలపురం వైపు ఉప్పుగాలికి స్ప్రింగులు తుప్పు పట్టి ఉంటాయి, రెండు మూడు కొక్కేలు ఖాళీగా కనిపిస్తాయి. ఎక్కించేముందు ఒక్కసారి చుట్టూ తిరిగి చూడండి, మేము చెబుతున్నది అతిశయోక్తో కాదో మీకే తెలుస్తుంది.

డాబా మీద ట్రాంపోలిన్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రెండున్నర అడుగుల పిట్టగోడ, దాని పక్కన మూడడుగుల ఎత్తున మ్యాట్. అంతే. తుపాను గాలికి రేకులే ఎగిరిపోయే జిల్లాలు మనవి. 2018లో తిత్లీ వచ్చిపోయాక గజపతి, శ్రీకాకుళం జిల్లాల్లో ఇళ్లు ఎలా మిగిలాయో చూసినవాళ్లం. తేలికపాటి గొట్టాల చట్రానికి వల కట్టి డాబా మీద వదిలేస్తే అది పక్కింటి మీదో కరెంటు తీగల మీదో వాలుతుంది.

ఈ వస్తువు పుట్టుక గురించీ ఒక మాట. 1930లలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో జార్జ్ నిస్సెన్ అనే జిమ్నాస్ట్, తన కోచ్ లారీ గ్రిస్‌వోల్డ్‌తో కలిసి దీన్ని తయారుచేశాడు. సర్కస్‌లో ఉయ్యాల ఆటగాళ్లు చివర్లో కింది వల మీద పడి, ఎగిరి, పల్టీ కొట్టి దిగడం చూసి వచ్చిన ఆలోచన అది. సర్కస్ డేరా చూసినవాళ్లెవరికైనా ఆ దృశ్యం గుర్తుంటుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి ఇది పతకాల ఆట కూడా. అక్కడ ఏళ్ల తరబడి శిక్షణ తీసుకున్న ఆటగాడు ఒక్కడే ఎక్కుతాడు, కోచ్‌లు చుట్టూ నిలబడి ఉంటారు. అసలైన ఆటగాళ్లే అంత జాగ్రత్త పడుతుంటే, ఐదేళ్ల పిల్లలు ఆరుగురిని కలిపి ఎక్కించే ధైర్యం మనకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. పల్టీల సంగతయితే మరీ ఘోరం. తల మీద పడితే మెడ ఎముక దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. రీల్ కోసం పల్టీ కొట్టమని పిల్లల్ని ఎగదోసే అన్నయ్యలు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

దెబ్బ తగిలాక ఏం చెయ్యాలన్నది మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దు ఊళ్లలో ఇంకా పెద్ద ప్రశ్న. కాశీనగరంలోనో గుణుపురంలోనో రాత్రి పది గంటలకు పిల్ల కాలు నేల మీద ఆనించకపోతే ఎముకల డాక్టర్ కోసం బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖో పరుగెత్తాలి. తెల్లారాక చూద్దామనుకుంటారు. ఈలోగా ఎవరో నాటు కట్టు కట్టేవాళ్ల పేరు చెబుతారు.

చిన్న పిల్లల్లో ట్రాంపోలిన్ వల్ల తరచూ విరిగేది మోకాలి కింద, పెద్ద ఎముక పైభాగంలో. వాపు పెద్దగా ఉండదు, కాలు వంకరపోదు, మొదటి ఎక్స్‌రేలో గీత కనిపించకపోనూవచ్చు. అందుకే బెణుకని తీసిపారేస్తారు. నిన్న బాగా గెంతిన పిల్ల ఇవాళ నడవనని మొండికేస్తే అది మొండితనం అనుకోవద్దు. డాక్టర్‌కు ‘కింద పడింది’ అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. జంపింగ్ మీద ఎవరితో కలిసి ఎగిరిందో కూడా చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టర్ ఎక్కడ వెతకాలో తెలుసుకుంటారు.

చెయ్యి ఆనించి పడిన పిల్లలకు మోచేతి పైన విరుగుతుంది. అక్కడ వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టించడం చాలా ప్రమాదం. వాపు పెరిగేకొద్దీ కట్టు బిగుసుకుంటుంది. రక్తం ఆడక కండరాలు చచ్చి, చెయ్యి జీవితాంతం ముడుచుకుపోవచ్చు. ఆసుపత్రిలో వేసిన పిండి కట్టయినా సరే, వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పికి పిల్ల నిద్రపోలేకపోయినా ఆ గంటలోనే తిరిగి వెళ్లాలి. మెడ నొప్పి అన్న పిల్లను మాత్రం చంకన వేసుకుని పరుగెత్తొద్దు. తల కదలకుండా పట్టుకుని, గట్టి పలక మీద పడుకోబెట్టి తీసుకెళ్లాలి.

ఇక అధికారుల సంగతి. జాతరకు పోలీసు అనుమతి, కరెంటు కనెక్షన్, ఫైర్ వాళ్ల పరిశీలన అన్నీ ఉంటాయి. జెయింట్ వీల్‌ను అందరూ తలెత్తి చూస్తారు, ఎత్తుగా ఉంటుంది కాబట్టి. నడుమెత్తు జంపింగ్‌ను పట్టించుకునేవారు లేరు. మున్సిపాలిటీలు, ఎన్‌ఏసీలు (చిన్న పట్టణాల పాలక మండళ్లు) మైదానం అనుమతి ఇచ్చేటప్పుడే దీనికీ షరతులు రాయాలి. మ్యాట్‌కు ఒక్కరే, ఆరేళ్ల లోపు వారికి ప్రవేశం లేదు, స్పాంజ్ లేని స్ప్రింగు ఒక్కటీ ఉండకూడదు, పల్టీలు కొట్టకూడదు. బోర్డు ఒడియాలోనూ తెలుగులోనూ రాయాలి. కొండల మీది నుంచి వచ్చే సవర, కువి భాషలు మాట్లాడే గిరిజన కుటుంబాల్లో చాలామందికి ఈ రెండు లిపులూ రావు, కాబట్టి బొమ్మ కూడా వెయ్యాలి. ఈ షరతులు మహేంద్రతనయ నదికి ఇటు ఒకలా, అటు ఒకలా ఉంటే లాభం లేదు. ఈ వారం పర్లాకిమిడిలో దిగిన సామానే పై వారం పాతపట్నంలో దిగుతుంది. గజపతి, శ్రీకాకుళం కలెక్టర్లు ఒక్కసారి మాట్లాడుకుంటే ఈ పని అయిపోతుంది.

అయితే కలెక్టర్ల కంటే ముందు జాతర కమిటీలు చెయ్యగలిగింది ఉంది. మైదానంలో చోటుకు వేలం పాట పెట్టేది వాళ్లే. పాట ఎంత ఎక్కువ పలికితే, పాడినవాడు అంత ఎక్కువ మందిని ఒకేసారి ఎక్కించి ఆ డబ్బు రాబట్టుకోవాలి. ఆరుగురు ఎక్కే చోట ఒక్కరినే ఎక్కించమంటే అతని రాబడి ఆరో వంతుకు పడిపోతుంది. అతను కుటుంబంతో డేరాలో బతుకుతూ ఊరూరా తిరిగే మనిషి, దండగ కట్టి వెళ్లిపోడు, చాటుగా ఆరుగురినీ ఎక్కిస్తాడు. కాబట్టి కమిటీలు వచ్చే వేలానికి జంపింగ్‌ను విడిగా పెట్టి, మొదటి పాటను ఆరో వంతుకు తగ్గించాలి. బదులుగా ఒక్కరే అన్న షరతు రాయించుకుని, సాయంత్రాలు ఒక వాలంటీర్‌ను దాని పక్కన కూర్చోబెట్టాలి. తగ్గే ఆ సొమ్ము బాణసంచా ఖర్చులో తగ్గించుకోవచ్చు.