తీర్పు మాట చెవిన పడ్డప్పుడు

భూకంపం వచ్చినా, యుద్ధం మొదలైనా, కొత్త రోగం పాకినా వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది. "ప్రవచనం నెరవేరింది, చూశారా?" అని. కింద ఒక వచనం, ఆ కింద ఏదో ఒక దేశం పేరు. పంపేవాళ్ల భక్తిని నేను శంకించను. కానీ బైబిల్లోని తీర్పు ప్రవచనాలను వార్తల పక్కన పెట్టి టిక్కులు కొట్టుకుంటూ పోతే, ప్రవక్తలు ఎందుకు నోరు విప్పారో ఆ సంగతే మరుగున పడిపోతుందని నా గట్టి నమ్మకం. తాము చెప్పిన కీడు తప్పిపోవాలనే వాళ్లు చెప్పారు.

యిర్మీయా ప్రవక్త గ్రంథం 36వ అధ్యాయం తీసి చూడండి. యూదా రాజు యెహోయాకీము చలికాలపు భవనంలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కుంపటి మండుతోంది. యిర్మీయా చెబుతుంటే అతని లేఖకుడు బారూకు రాసిన గ్రంథాన్ని యెహూది అనే అతను చదివి వినిపిస్తున్నాడు. మూడు నాలుగు పుటలు పూర్తయ్యేసరికి రాజు చాకుతో ఆ భాగాన్ని కోసి కుంపట్లో పడేస్తాడు. మళ్లీ చదవడం, మళ్లీ కోయడం. ముగ్గురు పెద్దలు కాల్చొద్దని బతిమాలినా వినలేదు. గ్రంథం మొత్తం కాలిపోయింది. అక్కడ ఎవరూ భయపడలేదని, బట్టలు చింపుకోలేదని కూడా రాసి ఉంది. ఇతని తండ్రి యోషీయా దేవాలయంలో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథం చదివి వినిపించగానే బట్టలు చింపుకున్నాడు. తండ్రి బట్టలు చింపుకున్నాడు, కొడుకు గ్రంథాన్నే ముక్కలు చేశాడు.

ఆ గ్రంథం ఎందుకు రాయించాడో దేవుడు అదే అధ్యాయం మొదట్లో చెబుతాడు. రాబోయే కీడు గురించి విని ప్రజలు చెడు మార్గం విడిచిపెడితే వాళ్లను క్షమించడానికట. అంటే తీర్పు మాట రాయిస్తున్నప్పుడే క్షమాపణ సిద్ధంగా ఉంది. ఇది తెలియకుండా తీర్పు ప్రవచనాలు చదివితే దేవుడు శిక్షించడానికి తొందరపడుతున్నట్టు కనిపిస్తాడు. దుర్మార్గుడు చనిపోతే నాకేమీ సంతోషం లేదు, వాడు మనసు మార్చుకుని బతకాలి అని యెహెజ్కేలు ప్రవక్త నోట చెప్పించింది కూడా ఆ దేవుడే.

"ఇక నలువది దినములకు నీనెవె పట్టణము నాశనమగును" అని యోనా ప్రవక్త ప్రకటించాడు. అందులో "ఒకవేళ మీరు మారితే" అన్న ముక్క లేదు. అయినా ఊరు ఊరంతా ఉపవాసం ఉంది, నాశనం ఆగిపోయింది. ఆ మాట నెరవేరలేదని కోపగించుకుంది యోనా ఒక్కడే.

మీకా ప్రవక్త విషయం దీనికన్నా స్పష్టంగా ఉంటుంది. యెరూషలేములోని సీయోను కొండ పొలంలా దున్నబడుతుందని, ఆ పట్టణం రాళ్లకుప్ప అవుతుందని మీకా అన్నాడు. సుమారు వందేళ్ల తర్వాత అలాంటి మాటే అన్నందుకు యిర్మీయాను చంపాలని యాజకులు పట్టుబట్టారు. అప్పుడు దేశపు పెద్దలు కొందరు లేచి పాత సంగతి గుర్తు చేశారు: మీకా అలా అన్నప్పుడు హిజ్కియా రాజు అతన్ని చంపించాడా? దేవునికి భయపడి వేడుకున్నాడు, దేవుడు ఆ కీడు రానివ్వలేదు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ప్రవచనం జరగలేదు కాబట్టి మీకా అబద్ధ ప్రవక్త అని ఆ పెద్దల్లో ఒక్కరూ అనలేదు. ఆ మాట చేయాల్సిన పని చేసిందనే అర్థం చేసుకున్నారు. ప్రవచనాన్ని ఎలా చదవాలో బైబిలే నేర్పించే చోటు ఇది, మన ప్రసంగాల్లో మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

అలాగని తీర్పంటే వట్టి బెదిరింపు అనుకోకూడదు. క్రీ.పూ. 722లో ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని సమరయ కూలింది. యెహోయాకీము గ్రంథం కాల్చి 20 ఏళ్లు తిరగకముందే, క్రీ.పూ. 586లో, యెరూషలేము దేవాలయం కాలిపోయింది. విననివాళ్లకు ఆ మాట అక్షరాలా నిజమైంది.

తేదీలు లెక్కగట్టే వాళ్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అమెరికా బోధకుడు విలియం మిల్లర్ మాట నమ్మినవాళ్లు 1844 అక్టోబర్ 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూసి కుమిలిపోయారు. అమెరికాలోనే రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, అది దాటాక అక్టోబర్ 21 అన్నాడు. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని యేసు చెప్పాక కూడా ఇదంతా ఎందుకో నాకు అర్థం కాదు. బైబిల్లో లెక్క చూసిన మనిషి ఒకడున్నాడు, బబులోనుకు చెరపట్టబడిన దానియేలు. యెరూషలేము 70 ఏళ్లు పాడుగా ఉంటుందని యిర్మీయా చెప్పిన సంగతి గ్రంథాల్లో చదివి గ్రహించాడు. గ్రహించి ఊరికి చాటింపు వేయించలేదు. గోనెపట్ట కట్టుకుని, బూడిద వేసుకుని, "మేము పాపం చేశాం" అని ప్రార్థించాడు. బబులోను రాజుల పాపాల చిట్టా ఆ ప్రార్థనలో లేదు.

తీర్పును పక్కవాడి మీదికి తోసేయడం నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. ఆమోసు ప్రవక్త గ్రంథం మొదటి రెండు అధ్యాయాలు వింటున్న ఇశ్రాయేలీయుల్ని ఊహించుకోండి. దమస్కుకు తీర్పు, గాజాకు తీర్పు, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు. శత్రువులంతా వరసగా వస్తుంటే వాళ్లకు ఎంత సంబరమో! తర్వాత యూదా. ఆఖరికి వేలు నేరుగా వాళ్లవైపే తిరిగింది: చెప్పుల జోడు కోసం బీదవాణ్ని అమ్ముకున్నవాళ్లు మీరే. యెరూషలేములోని సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు కూడా, వాళ్లు మిగతావాళ్లకన్నా పాపులనుకుంటున్నారా, కాదు, మీరు మారుమనసు పొందండి అనే యేసు అన్నాడు. ఎక్కడో వరదల్లో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి గురించి "దేవుని తీర్పు" అని ఫార్వర్డ్ చేసే ముందు ఈ వచనాలు చదివితే చేయి ఆగుతుంది.

మరి తీర్పు మాట విన్నవాడు ఏం చేయాలి? ఎంచుకోవాలి. "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అన్న మాట ఎన్నో ఇళ్ల గోడల మీద ఉంటుంది. దాని ముందు, మోషే తర్వాత ఇశ్రాయేలీయులను నడిపించిన యెహోషువ "మీరు ఎవరిని సేవించెదరో నేడు మీరు కోరుకొనుడి" అన్నాడు. జనం వెంటనే మేమూ సేవిస్తాం అన్నారు. మన సభల్లో అయితే అక్కడే చప్పట్లు, స్తోత్రాలు. యెహోషువ మాత్రం మీవల్ల కాదు పొమ్మన్నాడు. దేవుడు పరిశుద్ధుడు, ఇవాళ మాట ఇచ్చి రేపు తప్పితే ఏమవుతుందో చూసుకోండి అన్నాడు. వాళ్లు మళ్లీ గట్టిగా చెప్పాకే నిబంధన చేశాడు.

వెనక్కి వెళ్లిపోయే దారి చూపించి మరీ అడగడం ఎంత పెద్ద గౌరవం! భయంలో "సరే" అన్నవాడు భయం తగ్గాక మారిపోతాడు. దేవుడు పంపిన పదో తెగులుకు బెదిరిపోయి ఇశ్రాయేలీయుల్ని పంపేసిన ఐగుప్తు రాజు ఫరో, కొద్ది రోజులకే రథాలు కట్టించి వాళ్ల వెంటపడ్డాడు. అందుకే కళ్లు మూయించి, నరకం వర్ణించి, "ఈ రాత్రే చచ్చిపోతే?" అని టెన్షన్ పెట్టి చేతులెత్తించే పద్ధతి నాకు సమ్మతం కాదు. పిల్లల సభల్లో అయితే అసలే కాదు. మన బోధకులను నేను కోరేది ఇదే: తీర్పు గురించి చెప్పండి, మెత్తబరచకుండా చెప్పండి. చెప్పాక ఆ రాత్రే చేయి ఎత్తమనకండి. దేవుణ్ని సేవించడమంటే డబ్బు విషయంలో, ఇంట్లో, బీదవాడి విషయంలో ఏం మారాలో విడమరచి చెప్పి, ఇంటికి వెళ్లి ఆలోచించుకోమనండి. వారం తర్వాత వచ్చి అదే మాట అన్నవాళ్లతో కూర్చుని ప్రార్థన చేయండి.