హాలోవీన్ పార్టీలో హెడ్మాస్టారు

ఎలిమెంటరీ స్కూల్లో హాలోవీన్ అంటే దయ్యాల పండగ అనుకునేరు, అది రూల్స్ పండగ. అక్టోబరు రాగానే ఈమెయిల్ దిగుతుంది: మాస్కులు వద్దు, ప్లాస్టిక్‌వైనా సరే కత్తులు వద్దు, రక్తం మరకలు వద్దు, పల్లీలూ జీడిపప్పులూ తగిలినవి వద్దు, ఇంట్లో వండినవి అసలే వద్దు, ఏది తెచ్చినా కొన్న ప్యాకెట్టు సీలుతో ఉండాలి. ఆ ఈమెయిల్ నేను చదివి వినిపించేటప్పటికే మా అత్తయ్య 'పిల్లలు కదా, ఆడుతూ తింటారు' అని డబ్బాడు జంతికలు వండేసింది. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాకా మాకు అవే టిఫిను.

మాది న్యూజెర్సీలో ఎడిసన్. మావాడు రెండో తరగతి, నేను రూమ్ పేరెంట్‌ని, అంటే కప్పులూ ప్లేట్లూ మోసే జీతం లేని ఉద్యోగం. ఇండియా నుంచి వచ్చిన మామయ్యగారు మనవడి వేషాల పెరేడ్ చూస్తానని నాతో బయల్దేరారు. తెనాలి దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టారుగా రిటైరైన మనిషి, ఎండ కాస్తున్నా చలి చలే అని మంకీ క్యాప్ దించుకుని వచ్చారు. స్కూలు ఆఫీసులో ఉన్నావిడ ఎంతో మర్యాదగా, "మీ కాస్ట్యూమ్ చాలా బాగుంది సార్, కానీ మాస్కులు తీసెయ్యాలి" అంది. ఆయన నావైపు చూశారు. నేను గోడకి అంటించిన కాగితపు గబ్బిలాల వైపు చూశాను.

క్లాసులో టేబుల్‌కో గుమ్మడికాయ పెట్టారు. లోపల ఎన్ని గింజలుంటాయో పిల్లలు ముందు ఊహించి రాయాలి, తర్వాత చేత్తో తోడి తీసి, కప్పుకి పది చొప్పున వేసి, పది కప్పులైతే వంద అని లెక్కపెట్టాలి. ఆట పేరుతో పదులూ వందలూ నేర్పించెయ్యడం, మంచి ఎత్తే. ఓ పిల్ల పన్నెండని రాసింది, మావాడు కోటి అని రాశాడు. మోచేతుల దాకా తెల్ల గ్లవ్స్ వేసుకొచ్చిన రాకుమారి వాటితోనే కాయలోకి దిగిపోయింది, డైనోసార్ తోక అడ్డొచ్చి కుర్చీలో కూర్చోలేక నిలబడే లెక్కపెట్టాడు. మామయ్యగారు గుజ్జు వేళ్ల మధ్య నలిపి చూసి, "నీళ్లకాయమ్మాయ్, పులుసుకి పనికిరాదు" అని తేల్చేశారు. ఈలోగా టీచర్ "ఇక్కడ ఒక కప్పు గింజలు తగ్గాయేంటి?" అందో లేదో, పైరేట్ వేషంలో ఉన్న బుడ్డోడు రెండు చేతులూ వెనక్కి దాచేసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ సామెతకి ఇంత నిఖార్సయిన సాక్ష్యం ఎడిసన్‌లో దొరుకుతుందని నేననుకోలేదు.

అసలు గొడవ మమ్మీ ఆటతో వచ్చింది. ఈజిప్టు మమ్మీలా ఒక మనిషిని టాయిలెట్ పేపరుతో చుట్టాలి, ముందు ఎవరు పూర్తి చేస్తే వాళ్లు గెలిచినట్టు. మావాడి గుంపుకి పెద్దవాళ్లు తక్కువయ్యారు, వాడు "మా తాతయ్య ఉన్నారు!" అని చెయ్యెత్తేశాడు. ఆయన కాదనలేక, జనగణమనకి నిలబడ్డట్టు చేతులు పక్కన పెట్టుకుని నిటారుగా నిలబడ్డారు. నలుగురు పిల్లలు గిరగిరా తిరుగుతూ పాదాల నుంచి మెడ దాకా, కళ్లజోడు వదిలేసి నుదురు దాకా చుట్టేశారు. రెండో రోలు అయిపోతుండగా ఫైర్ అలారం కుయ్యిమంది.

ఇక్కడి చట్టం ప్రకారం స్కూళ్లలో నెలకో ఫైర్ డ్రిల్ తప్పనిసరి. ఆ రోజేమో 31. డ్రిల్ అన్నాక ఎక్కడి గింజలు అక్కడే, ఎక్కడి మనిషి అలాగే లైనులోకి రావాలి, పేపరు విప్పుకునే టైమెవరిస్తారు? సూపర్‌మ్యాన్‌కీ సీతాకోకచిలుకకీ మధ్య మామయ్యగారు అంగుళం అంగుళం అడుగులేసుకుంటూ వరండా దాటారు. మైదానంలోకి వచ్చేసరికి గాలికి పేపరు ఊడి, పొడుగాటి తోకై వెనక కిండర్‌గార్టెన్ లైను మీద వాలింది. అక్కడ ఒకడు ఏడుపు అందుకున్నాడు, వాణ్ణి చూసి మిగతావాళ్లూ. ప్రిన్సిపాల్ స్టాప్‌వాచ్ పట్టుకుని వచ్చి, ఈయన్ని కింది నుంచి పైదాకా చూసి, మాటా పలుకూ లేకుండా టైము రాసుకుని వెళ్లిపోయాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. మామయ్యగారు మాత్రం ఆ మనిషి వెళ్లిన వైపే మెచ్చుకోలుగా చూస్తూ, "నెలాఖరు కదమ్మాయ్, రిజిస్టరు నింపాలిగా. నేనూ అన్నీ ముప్ఫై ఒకటికే పెట్టుకునేవాణ్ణి" అన్నారు.

ఇల్లు చేరేలోగా మావాడు కార్లోంచే నాన్నమ్మకి ఫోన్‌లో మొత్తం చెప్పేశాడు. ఆవిడ గరాజ్ తలుపు దగ్గరే అడ్డంగా నిలబడింది.

"అక్కడే ఆగండి. స్నానం చేస్తే గానీ వంటింటి వైపు రావద్దు."

"కొత్త రోలేనే, సీలు కూడా నా ఎదురుగానే తీశారు."

"కొత్తదైతే మాత్రం? అది దేనికి పుట్టిందో నాకు తెలీదా?"

మామయ్యగారు చెవి వెనక మిగిలిపోయిన పేపరు ముక్క తీసి నా చేతిలో పెట్టి, తువ్వాలు అడిగారు.