ప్రీ-ఆర్డర్ బటన్ గారికి బహిరంగ లేఖ

వీడియో గేమ్ విడుదల కాకముందే దాన్ని మాచేత కొనిపించే మహారాజశ్రీ ప్రీ-ఆర్డర్ బటన్ గారికి శ్రీకాకుళం నుంచి ఒక గేమర్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరూ, తమరిని నమ్ముకుని గేమ్‌లు విడుదల చేసే పబ్లిషర్లూ క్షేమమా అని వేరే అడగనక్కర్లేదు. గేమ్ ఎలా తేలినా సొమ్ము ముందే చేరిపోతుంది కదా.

తమరి పుట్టుక న్యాయమైనదే. గేమ్‌లు డిస్కులుగా అమ్ముడైన కాలంలో దుకాణానికి వచ్చే సరుకు తక్కువ, అడిగేవారు ఎక్కువ కనుక ముందుగా పేరు రాయించుకోవడంలో అర్థం ఉండేది. ఇప్పుడు అమ్మకాలు చాలావరకు డౌన్‌లోడ్‌లే. ఎంతమంది కొన్నా తరగని సరుకు కోసం మమ్మల్ని ఇంకా వరుసలో నిలబెట్టగలుగుతున్నారంటే, తమరి సామర్థ్యానికి చేతులెత్తి మొక్కాలి.

గేమ్ ఇంకా పూర్తి కాలేదు కనుక, ఆ సమయంలో తమరి దగ్గర అమ్మడానికి ఉండేది పబ్లిషర్ పేరొక్కటే. 2015లో 'విచర్ 3' గేమ్‌తో సీడీ ప్రాజెక్ట్ సంస్థ ఎంత మంచి పేరు తెచ్చుకుందంటే, 'సైబర్‌పంక్ 2077' కాపీలు 80 లక్షలు ముందే అమ్ముడయ్యాయి. విడుదలకు ముందు సమీక్షకుల చేతికి పీసీ కాపీలు ఇచ్చి, టీవీకి తగిలించి ఆడే కన్సోల్ యంత్రాల కాపీలను మాత్రం కంటపడనివ్వలేదు. 2020 డిసెంబరు 10న గేమ్ వచ్చింది. పాత కన్సోళ్లలో అది నడిచిన తీరు చూసి, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోరు నుంచి తీసేసి డబ్బు వాపసు ఇస్తామంది. తరవాత కొన్నేళ్లపాటు లోపాలు దిద్దే ప్యాచ్ మీద ప్యాచ్ వేసి దాన్ని నిజంగానే మంచి గేమ్‌గా నిలబెట్టారు, ఆ మాట కాదనలేం. కానీ అప్పటికి అది సేల్‌లో సగం ధరకే దొరుకుతోంది. అందరికంటే ముందు నమ్మినవారు అందరికంటే ఎక్కువ చెల్లించి అందరికంటే నాసిరకం సరుకు పట్టుకెళ్లే ఇలాంటి వ్యాపారం మా జిల్లా సంతల్లో ఒక్క వారం కూడా నడవదు.

2014లో యూబీసాఫ్ట్ వారి 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ'లో పాత్రల ముఖాలు మాయమై కళ్లూ పళ్లూ మాత్రం మిగిలాయి. సమీక్షలేమో అమ్మకాలు మొదలైన కొన్ని గంటలదాకా బయటికి రాకూడదని నిబంధన. పోనీ, చెడ్డపేరైనా తమరిని కదిలిస్తుందా అంటే, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పబ్లిషర్‌ను 2012లోనూ 2013లోనూ కన్స్యూమరిస్ట్ అనే అమెరికా వినియోగదారుల వెబ్‌సైట్ పాఠకులు అమెరికాలోకెల్లా చెత్త కంపెనీగా ఎన్నుకున్నారు. ఏటేటా వచ్చే దాని ఫుట్‌బాల్ గేమ్ పక్కన తమరు మాత్రం యథాప్రకారం వెలిగారు.

మా పలాసలో జీడిపప్పుకు గ్రేడులుంటాయి. 320 అంటే పౌను బరువుకు, అంటే అరకిలోకు కాస్త తక్కువకు, ఇంచుమించు 320 పప్పులని అర్థం. విరగని పప్పుది ఒక ధర, బద్దది ఒక ధర, ముక్కది ఇంకో ధర. తమరి దగ్గరా స్టాండర్డ్, డీలక్స్, అల్టిమేట్ అని గ్రేడులున్నాయి గాని, అవన్నీ ధరకు కట్టిన గ్రేడులే. అల్టిమేట్ కొన్నవారికి కూడా అదే ముక్క, కాకపోతే మూడు రోజులు ముందుగా.

అసంపూర్ణమైన గేమ్‌ను అమ్మకూడదని నేననను. లారియన్ స్టూడియో 'బాల్డర్స్ గేట్ 3'ను 2020 అక్టోబరులో మొదటి అంకం మాత్రమే ఉన్న గేమ్‌గా, ఆ సంగతి చెప్పి మరీ ఎర్లీ యాక్సెస్‌లో అమ్మింది. 2023 ఆగస్టులో పూర్తిచేసి ఇచ్చింది. తమరు కూడా తమరి నుదుటి మీద "ఇందులో ముక్కలుండవచ్చును" అని రాయించుకుంటే, పబ్లిషర్లకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

తమరి పక్కనే కాపురముంటూ, కొనాలనుకున్న గేమ్‌లను గుర్తుపెట్టే విష్‌లిస్ట్ బటన్ గారికి నా నమస్కారాలు చెప్పవలెను. ఆయన డబ్బు అడగరు, ధర తగ్గినప్పుడు కబురు కూడా పంపుతారు కనుక, ఇకపై మా రాకపోకలన్నీ ఆయనతోనే.

ఇట్లు,
తమరి పాత ఖాతాదారు,
శ్రీకాకుళం.