పన్ను పదిహేడో ఫిర్యాదు

2026 జులై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా అమెరికాలోని మన తెలుగు సంఘాల వేదికల మీద పిల్లల నాటికలకు కొదవుండదు. బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలు నీళ్లపాలు, ‘పన్నులు భరించలేక తిరగబడ్డారు’ అని ఒక వ్యాఖ్య, వెంటనే తుపాకులు. ఈ వరస మార్చాలి. బ్రిటన్ రాజు మూడో జార్జి మీద ఆ ప్రకటన మోపిన 27 ఆరోపణలనూ వేళ్ల మీద లెక్కపెడుతూ చదవండి. మా సమ్మతి లేకుండా పన్నులు వేశారన్నది పదిహేడోది. న్యాయమూర్తుల పదవీ, జీతమూ రాజు ఇష్టం మీదే ఆధారపడేలా చేశాడన్నది తొమ్మిదోది. వరసను బట్టే ప్రాధాన్యం అనలేం. కానీ ఆ జీతాల గొడవేమిటో తెలియకపోతే, సుంకం తగ్గించినా అమెరికాలోని 13 బ్రిటిష్ వలసల కోపం ఎందుకు పెరిగిందో అంతుబట్టదు.

బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలసనే తీసుకుందాం. గవర్నర్‌ను నియమించేది రాజు. అక్కడి ఎన్నికైన సభ చేసిన చట్టాన్ని తోసిపుచ్చే అధికారం, అసలు సభనే రద్దు చేసే అధికారం గవర్నర్‌కున్నాయి. కానీ ఆయన జీతం మంజూరు చేసేది స్థానిక సభ, అదీ ఏ ఏటికాయేడు. శాశ్వత జీతం ఖరారు చేయమని లండన్ ఎంత ఒత్తిడి తెచ్చినా సభ లొంగలేదు. అలా గవర్నర్ జుట్టు సభ చేతిలో ఉండేది. ఓటు దాదాపుగా ఆస్తి ఉన్న తెల్లజాతి పురుషులకే. అయినా సొంత భూమి చాలామందికి ఉండటంతో ఇంగ్లండ్ కన్నా ఇక్కడ ఓటర్ల వాటా బాగా ఎక్కువ. వర్జీనియాలోనైతే ఎన్నికైన సభ 1619 నుంచే ఉంది. తమ పన్ను తామే వేసుకోవడం తరతరాలుగా అలవాటైన సమాజం అది.

ఫ్రాన్సుతో జరిగిన ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ జాతీయ రుణం సుమారు 7.5 కోట్ల పౌండ్ల నుంచి 13 కోట్లు దాటింది. అమెరికాలో దాదాపు 10,000 మంది సైనికులను ఉంచాలనీ, ఆ ఖర్చులో కొంత వలసలే భరించాలనీ లండన్ తీర్మానించింది. 1764 చక్కెర చట్టం మొలాసిస్ (చెరకు మడ్డి) మీద సుంకాన్ని గ్యాలనుకు 6 పెన్నీల నుంచి 3 పెన్నీలకు దించింది. సగానికి తగ్గిస్తే గోల ఎందుకు? 1733 నాటి 6 పెన్నీలు చాలావరకు కాగితం మీదే ఉండేవి. కస్టమ్స్ అధికారి చేయి తడిపితే ఫ్రెంచి దీవుల సరుకు న్యూ ఇంగ్లండ్ రమ్ము బట్టీలకు చేరిపోయేది. ఈ 3 పెన్నీలు మాత్రం నిజంగా వసూలు చేయడానికి పెట్టినవి. కాపలాకు నౌకాదళం దిగింది. పట్టుబడిన సరుకు మీద విచారణ జ్యూరీ లేని నావికా కోర్టుల్లో జరిగేది. మరుసటి ఏడు వచ్చిన స్టాంపు చట్టం పన్ను పత్రికలు, దస్తావేజులు, ఆఖరికి పేకముక్కల మీదా పడింది, అదీ స్టెర్లింగులో (బ్రిటిష్ నాణెంలో) చెల్లించాలి. వకీళ్లకూ ప్రింటర్లకూ ఒకేసారి తగిలిన దెబ్బ అది. ఊరంతటికీ వినిపించేలా మాట్లాడగలిగింది, రాయగలిగింది వాళ్లే కదా. స్టాంపు కాగితం అమ్మాల్సిన ఏజెంట్లు జనానికి భయపడి రాజీనామా చేయడంతో 1765 నవంబరు 1న చట్టం అమల్లోకి వచ్చేనాటికి అమ్మేవాళ్లే దాదాపు కరువయ్యారు. 1766 మార్చిలో పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. కానీ వలసలను అన్ని విషయాల్లోనూ శాసించే హక్కు తనదేనని అదే రోజున మరో చట్టం చేసింది.

నా దృష్టిలో అసలు మలుపు 1767. బ్రిటిష్ ఆర్థిక మంత్రి టౌన్‌షెండ్ పేరిట వచ్చిన సుంకాలు గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద వేశారని బడి పుస్తకాలు చెబుతాయి. ఆ డబ్బులోంచి గవర్నర్లకూ న్యాయమూర్తులకూ జీతాలివ్వాలన్నది ఆ చట్టం ఉద్దేశాల్లో ఒకటని చాలామంది చెప్పరు. అది జరిగితే సభ చేతిలో ఉన్న ఒకే ఒక్క పట్టు జారిపోయినట్టే. 1770లో తేయాకు తప్ప మిగతా సుంకాలన్నీ ఎత్తేశారు, కోపం చల్లారింది. 1772లో మసాచుసెట్స్ ఉన్నత న్యాయస్థానం జడ్జిలకు ఇక జీతం రాజు ఖజానా నుంచేనన్న వార్త రాగానే మళ్లీ రాజుకుంది. ఆ నవంబరులో స్థానిక నాయకుడు శామ్యూల్ ఆడమ్స్ ప్రతిపాదన మీద బోస్టన్ పౌరసభ (ఊరి ఓటర్ల సమావేశం) ఉత్తర ప్రత్యుత్తరాల కమిటీ వేసింది. ఊరూరికీ లేఖలు వెళ్లాయి, ఊరూరా కమిటీలు పుట్టాయి. తేయాకు ఓడలు రావడానికి ఏడాది ముందు మాట ఇది.

ఆ తేయాకు చైనాది, తెచ్చింది ఈస్టిండియా కంపెనీ. 1765లో బెంగాల్ దివానీ (పన్ను వసూలు హక్కు), ఆ మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం కుదుర్చుకుని మన ఉత్తర సర్కారులు చేజిక్కించుకున్న కంపెనీయే. 1770 నాటి బెంగాల్ కరువు, యుద్ధాల ఖర్చు, వాటాదారులకు పెంచిన డివిడెండు కలిసి దాన్ని అప్పుల్లో ముంచాయి. లండన్ గోదాముల్లో కోటిన్నర పౌన్ల బరువుకు పైగా తేయాకు పేరుకుపోయింది. 1773 చట్టం కంపెనీకి బ్రిటన్‌లో కట్టే సుంకం మినహాయించి, నేరుగా అమెరికాలో అమ్ముకోనిచ్చింది. ధర తగ్గింది, పౌనుకు 3 పెన్నీల సుంకం మాత్రం మిగిలింది. చవగ్గా కొనుక్కుంటే జీతాల నిధికి ఆమోదముద్ర వేసినట్టే. బెంగాల్‌లో కంపెనీ నిర్వాకం ఫిలడెల్ఫియాలో తెలియనిదేం కాదు. అక్కడి వకీలు, రచయిత జాన్ డికిన్సన్ ఆ ఏడే దాన్ని ఎత్తిచూపుతూ రాశాడు.

బోస్టన్ రేవులో తేయాకు పారబోసింది 1773 డిసెంబరు 16 రాత్రే ఎందుకంటే, ఓడ వచ్చిన 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ వాళ్లు సరుకు జప్తు చేయవచ్చు. ‘డార్ట్‌మత్’ ఓడకు ఆ గడువు మర్నాడే ముగుస్తుంది. సుంకం కట్టకుండా వెనక్కి వెళ్లడానికి గవర్నర్ హచిన్సన్ అనుమతి పత్రం ఇవ్వలేదు. ఆ తేయాకు అమ్మాల్సిన ఏజెంట్లలో ఆయన కొడుకులున్నారు. మూడు ఓడల్లోంచి 92,000 పౌన్లకు పైగా సరుకు నీళ్లలో కలిసింది.

1774లో పార్లమెంటు బోస్టన్ రేవు మూసేసింది. అంతకన్నా ప్రమాదకరమైనది మసాచుసెట్స్ ప్రభుత్వ చట్టం. గవర్నర్ పక్కనుండే ఎన్నికైన మండలి పోయి నామినేటెడ్ మండలి వచ్చింది, గవర్నర్ అనుమతి లేకుండా పౌరసభ ఏడాదికి ఒక్కసారే పెట్టాలి. రేవు లేని పల్లె రైతులను కూడా కదిలించింది ఇదే. సెప్టెంబరు 6న వూస్టర్‌లో నాలుగు వేల మందికి పైగా మిలీషియా (స్థానిక పౌర సేన) రోడ్డుకు రెండు వైపులా బారులు తీరి, కోర్టు అధికారులను టోపీలు తీయించి మధ్యలోంచి నడిపించింది. పదవి వదులుకుంటున్నామని వాళ్ల చేత పదేపదే చదివించింది. ఒక్క గుండు పేలలేదు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో కాల్పులు మొదలయ్యేనాటికి బోస్టన్ దాటితే రాజు పాలన అప్పటికే లేదు.

బ్రిటిష్ సరుకుల మీద పాత బహిష్కరణలు ఎందుకు వీగిపోయాయంటే అవి వర్తకుల మధ్య ఒప్పందాలు. 1770లో న్యూయార్క్ తప్పుకోగానే మిగతా రేవులూ జారిపోయాయి. 1774 చివర్లో వలసల ప్రతినిధుల సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్ కొత్త బహిష్కరణ ప్రకటించి ఆ లోపం దిద్దింది. ప్రతి కౌంటీలో, ఊళ్లో దాని అమలు చూసే కమిటీని ఓటర్లే ఎన్నుకోవాలి. డిసెంబరు 1 తర్వాత, ఫిబ్రవరి 1 లోపు సరుకు వస్తే యజమానికి మూడు దారులు: తిప్పి పంపడం, తన పూచీ మీద కమిటీ దగ్గర నిల్వ ఉంచడం, కమిటీ ద్వారా అమ్మించడం. అమ్మితే అసలూ ఖర్చులూ అతనికి, లాభం బోస్టన్ పేదలకు. ఆ తర్వాత వచ్చినదైతే మూట విప్పకుండానే వెనక్కి. మాట తప్పినవాడి పేరు పత్రికలో పడుతుంది. రెండో ప్రభుత్వం ఇలా పద్దు పుస్తకంతో మొదలైంది. మన నాటికలో చూపించాల్సింది ఈ కమిటీ బల్లనే.

దానితో పాటు రెండు ఆరోపణలు కూడా పిల్లల చేత పైకి చదివించాలి. ఏడోది, విదేశీయులకు పౌరసత్వమిచ్చే చట్టాలకు రాజు అడ్డుపడ్డాడన్నది. ఈ దేశానికి వలస వచ్చినవాళ్లం మనం ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది. ఇరవై ఏడోది ఆదివాసులను ‘క్రూరులు’ అంటుంది, రాజు ఇంటి లోపలి తిరుగుబాట్లు రెచ్చగొట్టాడంటుంది. వర్జీనియా గవర్నర్ డన్‌మోర్ 1775 నవంబరులో తిరుగుబాటుదారుల బానిసలు రాజు సైన్యంలో చేరితే విముక్తులన్నాడు. ఆ మాటల వెనక ఉన్నది అదే. అప్పుడు వలసల జనాభాలో సుమారు అయిదో వంతు బానిసలు. ప్రకటన ముసాయిదా రాసిన జెఫర్సన్ అందులో బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ పెట్టిన పేరాను కాంగ్రెస్ కొట్టేసింది. ఆ కొట్టేసిన పేరా కూడా వేదిక మీద వినిపించాలి.